కంచిలో ముహూర్తం చీర, తిరుపతిలో జాకెట్టు: మా అమ్మాయి పెళ్లి బట్టల అనుభవం

మా అమ్మాయి పెళ్లి 2025 ఫిబ్రవరి రెండో వారంలో, మాఘమాసం ముహూర్తానికి జరిగింది. దసరా వెళ్లాక తాంబూలాలు పుచ్చుకున్నాం. ఆ మర్నాటి నుంచీ ఇంట్లో పెళ్లి బట్టల మాటే. ముహూర్తం చీర కొనడం ఒక్క పూటలో అయిపోయింది. దానికి ముందు ఇంట్లో అన్నీ తేల్చుకోవడానికి దాదాపు నెల, తర్వాత జాకెట్లకు రెండు నెలలు పట్టాయి. పెళ్లి పెట్టుకున్న బంధువులు ఫోన్ చేసి ‘ఏ షాపులో తీసుకున్నారు’ అని అడుగుతున్నారు. షాపు పేరుకన్నా వాళ్లకు ఎక్కువ పనికొచ్చేవి ఈ సంగతులు.

ముందు క్యాలెండరు చూసుకోవాలి. మా అత్తగారు ధనుర్మాసంలోనూ పుష్యంలోనూ పెళ్లి బట్టలు కొననివ్వరు. ఆసారి డిసెంబరు 16న ధనుర్మాసం పట్టింది. పుష్యం జనవరి 29 దాకా ఉంది. మాఘం వచ్చాక కొందామంటే కుట్టించడానికి వ్యవధి ఉండదు. అందుకని కార్తీకంలోనో, మార్గశిరం మొదటి పక్షంలోనో పని కానివ్వాలి. పైగా సంక్రాంతికి కుట్టేవాళ్లు, జాకెట్ల మీద మగ్గం పని (చేతి ఎంబ్రాయిడరీ) చేసేవాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు. ముందూ వెనకా కలిపి పది రోజులు సూది కదలదు. మాఘం ముహూర్తం పెట్టుకునేవాళ్లు ఈ పది రోజుల్నీ మొదటే లెక్కలోంచి తీసేయాలి.

తర్వాత ఏ తంతుకు ఏ చీర, ఎవరు పెట్టాలి అన్నది కాగితం మీద రాసుకున్నాం. పెళ్లికూతుర్ని చేసే రోజుకు పసుపు రంగు చీర, గౌరీపూజకు ఒకటి, ముహూర్తం చీర, మధుపర్కాలు, తలంబ్రాల చీర, అప్పగింతలకు, వ్రతానికి, రిసెప్షన్‌కు. మా ఇంట్లో ముహూర్తం చీర మేం పెడతాం, తలంబ్రాల చీర అబ్బాయివాళ్లు తెస్తారు. ఇంకో ఇంట్లో ఇది తిరగబడి ఉండొచ్చు. అందుకే వియ్యపురాలికి ముందే ఫోన్ చేశాను. ఎంతలో తీస్తున్నారని అడగడం పద్ధతి కాదు, రంగు అడగడంలో తప్పు లేదు. ‘వదినగారూ, తలంబ్రాల చీర ఏ రంగు అనుకుంటున్నారు? మాది దానికి కలవకుండా చూసుకుంటాం’ అన్నాను. ‘గంధం రంగుకు ఎర్రంచు అనుకున్నాం వదినగారూ, కానీ అమ్మాయే చూసుకోవాలి. అందరం కలిసి ఒకేరోజు కంచికి వెళ్దాం’ అన్నారావిడ. ఆ మాటతో నా గుండెల్లో సగం బరువు దిగింది. రెండు వైపులా విడివిడిగా కొని, మండపంలో రెండు చీరలూ ఒకేలా ఉన్నాయని ముఖాలు మాడ్చుకున్న పెళ్లిళ్లు చూశాను.

రంగుల దగ్గర ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. అమ్మాయికి ముదురు నీలం ఇష్టం. మా అత్తగారు నలుపునే కాదు, నలుపులా కనిపించే నీలాన్ని కూడా పీటల మీదకు రానివ్వరు. వారం నానిన తర్వాత నీలం రిసెప్షన్‌కని, ముహూర్తానికి కుంకుమ రంగుకు పచ్చంచు అని ఒప్పందమైంది. ఈ వాదన ఇంట్లోనే జరగాలి. షాపులో, వియ్యాలవారి ముందు మొదలైతే పెళ్లికూతురు ‘మీ ఇష్టం’ అనేసి ఊరుకుంటుంది. చీర మాత్రం జీవితాంతం తన బీరువాలోనే ఉంటుంది. అమ్మాయికీ నాకూ ఒక గుర్తు పెట్టుకున్నాం. చీర నచ్చకపోతే కొంగు సర్దుకుంటూ ‘ఇంకోటి చూద్దాం’ అంటుంది, అప్పుడు వద్దనే మాట నేను చెప్పాలి. కాబోయే అత్తగారి ముందు ఆడపిల్ల నోటితో ‘బాగాలేదు’ అనిపించకూడదని నా పట్టుదల.

వెళ్లేవాళ్లు ఐదుగురికి మించకూడదనుకున్నాం. మా వైపు నుంచి నేను, అమ్మాయి, మా చెల్లెలు. అటునుంచి వదినగారు, ఆడపడుచు. వెంట తీసుకెళ్లినవి: నగల ఫొటోలు, మండపం అలంకరణ రంగుల ఫొటో, అమ్మాయికి సరిగ్గా పట్టే కొలత జాకెట్టు, టేపు, నాలుగు పెద్ద ప్లాస్టిక్ కవర్లు. నవంబరులో అటువైపు ఎప్పుడు వాన పడుతుందో తెలియదు. మాకూ పడింది. అమ్మాయి బిగుతుగా ఉండే కుర్తా, లెగ్గిన్స్ వేసుకుంది. వదులు చుడీదారు మీద పట్టుచీర చుడితే నడుము లావుగా కనబడి, బాగున్న చీరను కూడా వద్దంటారు. రాళ్ల ఉంగరాలు, కొనలు లేచిన గాజులు ఇంట్లోనే తీసేయించాను, జరీ పోగు పట్టుకుని లాగేస్తాయి. సెంటు కొట్టుకోవద్దన్నాను, అది జరీని నల్లబరుస్తుంది. జుట్టు ముడి వేసుకుంది, తలకు నూనె రాసుకోలేదు.

2024 నవంబరు 20, బుధవారం. తెల్లవారుజామున తిరుపతిలో బయల్దేరి పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా మూడు గంటల పైచిలుకులో కంచి చేరాం. కారు అద్దె, డ్రైవరు బత్తాతో కలిపి ఐదున్నర వేలు. బుధవారం రాహుకాలం 12 నుంచి ఒకటిన్నర. అది మొదలయ్యేలోపే ముహూర్తం చీర బిల్లు కావాలని మా అత్తగారి ఆజ్ఞ. శని, ఆదివారాలైతే కూర్చోవడానికే చోటు దొరకదు.

గాంధీ రోడ్డులో దిగగానే ‘చేనేత సొసైటీ రేటుకు ఇప్పిస్తాం రండమ్మా’ అంటూ ఆటోవాళ్లు చుట్టుముట్టారు. వాళ్లు తీసుకెళ్లిన చోట వాళ్ల కమిషన్ కూడా మన బిల్లులోనే పడుతుంది. ఎక్కడికి వెళ్లాలో ముందే అనుకుని నేరుగా నడిచాం.

తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చోబెట్టారు. అక్కడి సేల్స్‌వాళ్లకు తెలుగు బాగా వచ్చు. చీరలు చూసే పద్ధతి ఒకటి ఉంది. దుప్పటి మీద కాలు పెట్టకూడదు. కాఫీ ఇస్తే పక్కకు వెళ్లి తాగి, చేతులు కడుక్కుని రావాలి. నచ్చని చీరను తోసేయకూడదు, ‘ఇది పక్కన పెట్టండి’ అంటే చాలు. పొద్దున్నే మొదటి బేరం మనదే అయితే, చీర కుదరకపోయినా ఒక జాకెట్టు ముక్కైనా తీసుకుని లేవడం మంచిది. బోణీ అన్నది వాళ్లకు పెద్ద పట్టింపు. ఫొటో తీసేముందు అడగాలి. డిజైన్లు బయటికి పోతాయని బిల్లు అయ్యేదాకా చాలా చోట్ల తీయనివ్వరు. బడ్జెట్ దాచడంవల్ల లాభం లేదు. ‘35 నుంచి 45 వేలు. ఆపైన చూపించకండి, అమ్మాయి మనసు పడితే నాకు కష్టం’ అని సూటిగా చెప్పాను. ఆయన నవ్వి, ఆ వరుసలోవే తీశాడు. తీసిన ప్రతి చీరనూ ఆయన మళ్లీ మడత పెట్టుకోవాలి. మూడు ఎంచుకుని, మిగతావి మడిచేయమన్నాక కానీ మాకూ మనసు కుదురుకోలేదు.

ఆ మూడింటినీ ఎలా పరీక్షించామో వివరంగా రాస్తాను.

ముందు తిరగేసి చూశాం. కొర్వై, మన వైపు కుట్టు అంటాం, ఉంటే అంచూ ఒళ్లూ వేర్వేరు నాడెలతో నేసి కలుపుతారు. వెనకవైపు ఆ కలిసేచోటు గీతలా, పళ్లుపళ్లుగా తెలుస్తుంది. కొంగు కలిసే దగ్గర కూడా సన్నటి గరుకు గీత ఉంటుంది. ఆ గీత లోపం కాదు, పనితనం. దాన్ని చూసి ‘అతుకు వేశారు’ అని గొడవపడినవాళ్లున్నారు.

తర్వాత జరీ. అంచు చివర వదులుగా ఉన్న ఒక పోగును గోటితో గీకి చూపించమని అడిగాం. లోపల ఎర్ర పట్టుదారం, దానిమీద వెండి, పైన బంగారు పూత ఉంటే అసలు జరీ. రాగి రంగు తేలితే టెస్టెడ్ లేదా హాఫ్‌ఫైన్, అంటే రాగి తీగ మీద పూత వేసిన చవక రకాలు. లోపల తెల్లదారమో పాలియెస్టరో వస్తే నకిలీ. సిల్క్ మార్క్ హోలోగ్రామ్ పట్టుకు మాత్రమే హామీ, జరీ గురించి అది ఏమీ చెప్పదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. మేం తీసుకున్న ముహూర్తం చీర హాఫ్‌ఫైన్ జరీదే. వాళ్లు దాచకుండా చెప్పారు, అదే మాట బిల్లులో రాయించుకున్నాం. అసలు జరీ అయితే ఆ డిజైన్ మా లెక్కకు రెట్టింపు దాటుతుంది. హాఫ్‌ఫైన్ అని తెలిసి కొనడంలో నామోషీ ఏమీ లేదు. అసలు జరీ ధర పోసి హాఫ్‌ఫైన్ తెచ్చుకుంటేనే బాధ.

మూడోది వెలుతురు. షాపు లైట్లలో కుంకుమ రంగు అనుకున్నది, గుమ్మం దగ్గరికి పట్టుకెళితే ఇటుక రంగుకు తిరిగింది. దాన్ని అక్కడే వదిలేశాం. మిగిలిన రెండింటికీ వాళ్ల అనుమతితో ఫ్లాష్ వేసి ఫోనులో ఫొటో తీశాం. ఒళ్లంతా జరీ ఉన్న చీర ఫ్లాష్‌కు మెరిసిపోయి అమ్మాయి ముఖం మసకగా పడింది. బుటాలు దూరదూరంగా ఉన్నదానిలో ముఖం తేటగా వచ్చింది.

నాలుగోది బరువు. నిండు జరీ చీర కిలో దాకా తూగుతుంది. చీర చుట్టించి, అమ్మాయిని పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోమన్నాం, లేవమన్నాం, మళ్లీ కూర్చోమన్నాం. అద్దం ముందు నిలబడి చూసుకున్నప్పుడు తెలియనిది ఈ కూర్చుని లేవడంలో తెలిసింది. పీటల మీద మూడు నాలుగు గంటలు అదే పని కదా. అమ్మాయి పొడగరి, అందుకని చీర పన్నా, అంటే వెడల్పు, కూడా కొలిచాం. 48 అంగుళాలు ఉంది. 45 ఉన్నది కడితే చెప్పు ఎత్తుకు పాదాలు పైకి కనబడతాయి.

చివరగా జాకెట్టు ముక్క. పొడవు 80 సెంటీమీటర్లు, అంచు ఒకవైపే ఉంది. మోచేతి దాకా చేతులు పెట్టి, రెండింటికీ అంచు రావాలంటే చాలదు. ముక్క ఎంత ఉందో చూడకుండా చేతుల పొడవు నిర్ణయించుకుంటే, దర్జీ దగ్గర కూర్చుని ఏడవాలి. మేం అంచు చేతులకు వాడేసి, వీపు భాగానికి అదే రంగు రాసిల్కు మీటరు విడిగా తీసుకున్నాం, 850 రూపాయలు.

కొంగు భుజాన వేసి, నగల ఫొటో పక్కన పెట్టుకుని అమ్మాయి అద్దంలో చూసుకుంటుంటే వదినగారే ముందు ‘ఇదేనమ్మా నీ చీర’ అన్నారు. అమ్మాయి కొంగు సర్దుకోలేదు. నాకు మాట రాలేదు. 38,500, పైన 5 శాతం జీఎస్టీ. పదకొండూ నలభైకి బిల్లయింది. తలంబ్రాల చీర రాహుకాలం వెళ్లాక వాళ్లు తీసుకున్నారు. దాని ధర చీటీ వైపు మేం చూడలేదు, మా చీటీ వైపు వాళ్లూ చూడలేదు. ఎవరి బిల్లు వారు కట్టుకోవడం, మధ్యాహ్నం భోజనం మేం పెట్టడం అని ముందే అనుకున్నాం. చీరలు కామాక్షమ్మ పాదాల దగ్గర పెట్టించాలని ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మధ్యాహ్నం గుడి మూసి ఉంటుంది, మళ్లీ సాయంత్రం 4కు తెరుస్తారు. ఆ లెక్కన తిరుగు ప్రయాణం చీకటి పడ్డాకే.

మిగతావి పెద్దగా కష్టపెట్టలేదు. వ్రతానికి ధర్మవరం చీర, పదకొండున్నర వేలు. అమ్మాయి ఆడపడుచుకు, అత్తగారికి మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో నేసిన పట్టు. వాళ్లకు ఇష్టమైన రంగు ముందే అడిగాం, జాకెట్టు ముక్క చూసి మరీ తీసుకున్నాం. పెట్టుడు చీరలు తొమ్మిది వందల నుంచి పదిహేను వందల లోపు. లెక్కకు మించి నాలుగు తీసుకుని, కవరు మీద పేర్లు రాసిపెట్టాం. ఆ నాలుగూ పెళ్లిలో ఖర్చయ్యాయి.

మధుపర్కాలు చిన్న ఖర్చే కానీ చూసి కొనాలి. సెట్టుగా కట్టి అమ్మే వాటిలో పంచె బాగానే ఉండి చీర పొట్టిగా వస్తుంది. విప్పి ఐదున్నర మీటర్లు ఉందో లేదో కొలవమన్నాం. మేం చూసిన మొదటి రెండూ తక్కువే. కొత్త నూలు గంజికి జారిపోతుంది కాబట్టి, పసుపు పెట్టిన తర్వాత ఒకసారి బాగా నలిపి మడత పెట్టుకోవాలి.

అసలు కథ జాకెట్టుది. నవంబరు ఆఖరున మగ్గం పనికి ఇచ్చాం. డిసెంబరు 25కు ఇస్తామన్నారు. జనవరి 8న చేతికొచ్చింది. పనిచేసే కుర్రాళ్లలో ఇద్దరు ఊరెళ్లారు, అదీ కారణం. ఆ రెండు వారాలు నాకు నిద్ర పట్టలేదు. చెప్పిన తేదీకి రెండు వారాలు కలుపుకుని, అప్పటికీ పెళ్లికి నెల మిగిలేలా ఇవ్వడం ఒక్కటే మార్గం.

మగ్గం మీద గుడ్డ బిగించకముందే మెడ లోతు, చేతి పొడవు, భుజం వెడల్పు ఖాయం కావాలి. పని అయ్యాక మెడ మార్చడం ఉండదు. అందుకే ముందు పాత గుడ్డతో ఒక జాకెట్టు కుట్టించి తొడిగి చూశాం. మెడ అర అంగుళం పైకి జరపాల్సి వచ్చింది. పక్క కుట్లలో రెండు అంగుళాలు వదలమన్నాం, పని ఆ కుట్ల దాకా రాకూడదన్నాం. పెళ్లి హడావిడిలో పిల్లలు చిక్కుతారు, పెళ్లికూతుర్ని చేశాక విందులు తిని ఒళ్లు చేస్తారు. ఎటైనా సర్దుకోవాలి. చంకల కింద పూసలు, జర్దోసీ వద్దన్నాం, గీసుకుని పుండు పడుతుంది. డిజైను దించడానికి చిల్లులు పొడిచిన బటర్ పేపరు మీద కిరోసిన్ కలిపిన పొడి రుద్దుతారు. ఆ వాసన వారం దాకా పోదు, లేత రంగు గుడ్డ మీద మరకగానూ మిగలొచ్చు. నీడలో గాలికి ఆరేస్తే మా దానికి వాసన పోయింది. పని కూలి తొమ్మిదిన్నర వేలు, కుట్టు కూలి లైనింగుతో కలిపి 1,800. టూ బై టూ లైనింగును ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి మనమే ఇస్తే తర్వాత కుంచించుకుపోదు.

డిజైను ఎక్కడ ఉండాలన్న విషయంలో ఒక సలహా. పెళ్లిరోజు వీపు మీద పూలజడ ఉంటుంది. వీపు నిండా నెమళ్లు కుట్టించినా ఒక్కటీ కనబడదు. వంకీ చేతికి ఎక్కేచోట రాళ్లు ఉంటే అది సరిగ్గా కూర్చోదు, దారాలు తెంపుతుంది. మేం వంకీని షాపుకు తీసుకెళ్లి, చేతి మీద అది వచ్చేచోట నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ పెట్టించి, డబ్బంతా మోచేతి దగ్గర అంచు మీద పెట్టాం. తలంబ్రాలు పోసేటప్పుడు, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఫొటోల్లో కనిపించేవి చేతులే.

చీర పనులకు ఒక వరుస ఉంది. ముందు జాకెట్టు ముక్క కత్తిరించాలి, తర్వాత ఫాలు, పీకో, ఆఖర్న కొంగుకు కుచ్చులు. ముక్క కత్తిరించాక షాపువాళ్లు చీర వాపసు తీసుకోరు కాబట్టి, కత్తిరించేముందు ఎండలో చీర మొత్తం పరిచి పోగులు, మరకలు చూసుకోవాలి. నూలు ఫాలును కూడా తడిపి ఆరబెట్టాకే వేయించాలి, లేకపోతే అది కుంచించుకుని కుచ్చిళ్ల దగ్గర పట్టు ముడతలు పడుతుంది. పట్టుకు మిషన్ కుట్టు వద్దు, చేత్తో వేయించాం, 250. కుచ్చులు 900, వారం పట్టింది. కుచ్చిళ్లు ముందే పెట్టి, ఇస్త్రీ చేసి, పెట్టెలో మడిచి ఇచ్చేవాళ్లు చీరకు 450 తీసుకున్నారు. పెళ్లికి రెండు రోజుల ముందు ఇస్తే చాలు. మరీ ముందు ఇస్తే మడతల దగ్గర జరీ విరుగుతుంది. వాళ్లకు ఇచ్చేటప్పుడు అమ్మాయి నడుము కొలత, చెప్పు ఎత్తు, ఏ భుజం మీద ఎంత కొంగు అన్నవి రాసివ్వాలి.

జనవరి 22న జాకెట్టు తొడిగి చూశాం, నగలన్నీ పెట్టి. కుడిచేయి బిగుతైంది. కుట్లలో వదలమన్న మార్జిన్ అక్కడ పనికొచ్చింది, రెండు రోజుల్లో సరిచేసి ఇచ్చారు.

పెళ్లిరోజు పెట్టెలో సూదీదారం, పదిహేను పిన్నీసులు, రెండు హుక్కులు, టాల్కం పౌడరు పెట్టాను. పౌడరు జీలకర్ర బెల్లం కోసం. అది నుదుటి మీదుగా కారి కొంగు మీద పడింది. రుద్దకుండా పొడి గుడ్డతో అద్ది, పౌడరు చల్లి వదిలేశాం. నీళ్లు పెడితే పట్టు మీద వలయం పడుతుంది. తలంబ్రాల పసుపు రెండు చోట్ల అంటింది.

పెళ్లయ్యాక రెండు చీరలూ డ్రైక్లీనింగ్‌కు ఇచ్చాం. ఏ మరక దేనిదో చీటీ మీద రాయించి ఇవ్వాలి, పసుపుకు, బెల్లానికి మందు వేరు. పది రోజులన్నారు, చీరకు 350. వచ్చాక జరీ లోపలికి ఉండేలా మడిచి, ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాం, ప్లాస్టిక్ కవరులో కాదు. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు. మూడు నెలలకోసారి మడత మార్చాలని అమ్మాయికి, అల్లుడికి ఇద్దరికీ చెప్పాను.